పుర్రచేతి పువ్వులు

లేసు గుడ్డ చేతికందగానే తిరగేసి చూసే మనిషి సువార్తమ్మ. రాజమండ్రి ఎగ్జిబిషన్‌లో గాని, భీమవరం జాతరలో గాని, ఎక్కడ లేసు కొట్టు కనపడినా ఆగిపోతుంది. బల్ల మీద పరిచిన గుడ్డ అంచు రెండు వేళ్ళతో ఎత్తి వెనకవైపు చూస్తుంది. కొట్లవాళ్ళకు ఆమె బాగా తెలిసిపోయింది.

"మేము మొహం చూపిస్తుంటే మీరు వీపు చూస్తారేంటండి?" అని ఒకాయన నవ్వేవాడు.

"మొహం ఎవరైనా బాగానే ఉంచుకుంటారు లెండి" అనేది.

ఆమె పుట్టింది మొగల్తూరు దగ్గర ఒక పల్లెలో. అక్కడి ఆడపిల్లలకు అన్నం కలుపుకోవడమూ లేసు అల్లడమూ ఇంచుమించు ఒకే వయసులో వస్తాయి. ఐదో తరగతితో బడి మానేసి, పెళ్ళయ్యేదాకా తల్లి పక్కన అరుగు మీద కూర్చుని కూలికి అల్లింది. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా జ్ఞానప్రకాశం చేసుకున్నాక కూలి తప్పింది గాని, అల్లిక తప్పలేదు. ఇక తన ఇష్టానికి అల్లుకుంది. టీవీకి, స్టూలుకు, నీళ్ళ కుండకు, చివరికి గ్యాసు సిలిండరుకు కూడా తొడుగు అల్లింది.

"ఇంక ఈ ఇంట్లో తొడుగు లేనిది నేనొక్కణ్ణే" అనేవాడు జ్ఞానప్రకాశం.

వాళ్ళకు ఒక్కతే కూతురు, వినీల. ఆ పిల్లది పుర్రచేతి వాటం. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పబోతే సూది ఒకవైపు, దారం ఒకవైపు పోయేవి. నాలుగు రోజులు విసుక్కున్నాక సువార్తమ్మకు ఒక ఉపాయం తోచింది. "ఎదురుగా కూర్చోవే. అద్దంలో నన్ను చూస్తున్నాననుకో" అంది. వారం తిరిగేసరికి పిల్ల పువ్వు అల్లింది. అయితే అందరి పువ్వుల రేకులూ ఒక పక్కకు ఒరిగితే, వినీల పువ్వు రేకులు రెండో పక్కకు ఒరిగాయి. కుడిచేత్తో అల్లేవాళ్ళు తలకిందులుగా తపస్సు చేసినా ఆ వాలు రాదు.

అప్పటినుంచి ఎక్కడ ప్రదర్శన పెట్టినా తల్లీకూతుళ్ళు వెళ్ళేవారు. కొనడానికి కాదు, చూడటానికి. ఒకళ్ళు ముందు, ఒకళ్ళు వెనక, గుడ్డలన్నీ తిరగేసేవారు. "నాలాంటిది ఒక్కత్తి కూడా లేదే అమ్మా" అనేది వినీల ప్రతిసారీ, కొంచెం గర్వంగా, కొంచెం దిగులుగా. అన్నేళ్ళలో ఎన్ని కొట్లు చూశారో గాని, ఆ పక్కకు ఒరిగిన పువ్వు మరొకటి కనపడలేదు.

ఆ పిల్ల ఇరవై మూడో ఏట, వానాకాలం చివర, విషజ్వరంతో తొమ్మిది రోజుల్లో పోయింది. పోయేనాటికి ముందు గది కిటికీ తెర కోసం పందొమ్మిది పువ్వులు అల్లి బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుంది.

జనవరిలో చర్చిలో కోత పండుగ వచ్చింది. పంట చేతికొచ్చాక ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి దేవుడి బల్ల మీద పెడతారు. బియ్యం, గుమ్మడికాయలు, కోడిపెట్టలు, ఆడవాళ్ళయితే చేతిపనులు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. ఏటా లేసు గుడ్డ పెట్టే సువార్తమ్మకు ఆ ఏడాది చేతులాడలేదు. "పోయిన పిల్ల చేతిపని ఇంట్లో ఉంటే కన్ను ఆరదమ్మా. దేవుడి పేర ఇచ్చెయ్యి" అని ఆడపడుచు అంది. ఏమీ తోచక డబ్బా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టేసింది.

నరసాపురం వైపునుంచి వచ్చినావిడ ఎవరో పాడుకుంది. ఎర్రంచు చీర కట్టుకున్న ఆవిడ డబ్బా చంకలో పెట్టుకుని గేటు దాటుతుంటే, సువార్తమ్మకు లోపల ఏదో తెగినట్టయింది. పరుగెత్తి అడగాలనుకుంది. గేటుదాకా వెళ్ళి ఆగింది. దేవుడికిచ్చింది వెనక్కి అడిగినవాళ్ళ గతి ఏమవుతుందో ఆదివారపు బడిలోనే విన్న మనిషి.

ఎనిమిది నెలల తరవాత రాజమండ్రి ఎగ్జిబిషన్‌లో ఒక బల్ల గుడ్డ తిరగేసింది. నలభై పువ్వులు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. నట్టనడిమి పువ్వు మాత్రం రెండో పక్కకు ఒరిగి ఉంది. సువార్తమ్మ బేరమాడలేదు. గుడ్డ కొనుక్కుని ఇంటికి వచ్చి, అతుకులు ఒక్కొక్కటే విప్పి ఆ ఒక్క పువ్వూ తీసుకుంది. అప్పుడర్థమైంది. గుడ్డకొకటి చొప్పున అతికేశారు. మిగతా పద్ధెనిమిదీ ఊళ్ళమీద పడ్డాయి.

పందొమ్మిదీ ఇల్లు చేరాలనుకుంది. అంతకుమించి ఆమెకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

అంతర్వేది తీర్థం వెళ్ళింది. అమలాపురంలో చీరల మేళా పెడితే వెళ్ళింది. ఒక స్కూల్లో సైన్సు ఫెయిర్ పక్కన చేతిపనుల బల్ల వేశారంటే అక్కడికీ వెళ్ళింది. కొన్నిచోట్ల ఒకటి దొరికేది, కొన్నిచోట్ల రెండు, చాలాచోట్ల ఏమీ లేవు. తెచ్చినవి స్టీలు డబ్బాలో పెట్టుకునేది. ఏడాది తిరిగేసరికి పందొమ్మిదోది భీమవరంలో దొరికింది. ఆ రోజు అన్నీ మంచం మీద పరిచి, వాటి పక్కనే పడుకుని నిద్రపోయింది.

అక్కడితో అయిపోవలసింది. కాని అలవాటుపడ్డ కాళ్ళు ఊరుకోక మళ్ళీ జనవరిలో రాజమండ్రి ఎగ్జిబిషన్‌కు వెళ్ళింది. రెండో కొట్లోనే గుడ్డ నడుమ ఒక పువ్వు రెండో పక్కకు ఒరిగి కనపడింది. మధ్యలో బిగువు, రేకుల దగ్గరకొచ్చేసరికి వదులు. అదే చెయ్యి. దారం మాత్రం కొత్తది, ఇంకా ఉతుకు చూడని తెలుపు.

ఇంటికి తెచ్చి లెక్కపెట్టింది. ఇరవై. నేల మీద వరసగా పెట్టి మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవయ్యే.

ఎవరితోనూ అనలేదు. మర్నాడు మాత్రం వినీల కూర్చునే కిటికీ గట్టు మీద కొత్త దారం ఉండ, లేసు సూది పెట్టింది. పొద్దున లేవగానే కాఫీకన్నా ముందు వెళ్ళి ఉండను చేత్తో తూచి చూసేది. ఒక్కోరోజు కొంచెం తేలికైనట్టుండేది. ఒక్కోరోజు లేదు. తేలికైనట్టున్న రోజు ఆమెకు వంట కుదిరేది.

"ఈ దారం ఉండ ఇక్కడెందుకు పెట్టావు? ఎలుక లాక్కుపోతుంది" అన్నాడు జ్ఞానప్రకాశం.

"పోనీండి" అంది.

ఆదివారం చర్చిలో అయ్యగారు చనిపోయినవాళ్ళు ప్రభువులో నిద్రిస్తారని చెప్పారు. సువార్తమ్మ తల ఊపింది. ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా దారం ఉండ దగ్గరకు వెళ్ళింది.

ఇలా ఎన్నాళ్ళుంటుందో ఆమెకే భయం వేసింది. మళ్ళీ ఎగ్జిబిషన్‌కు వెళ్ళి కొట్టువాణ్ణి అడిగింది. "నరసాపురం బుల్లెమ్మగారు అతికించి పంపుతారండి. శివరాత్రికి పట్టిసీమ తీర్థంలో ఆవిడే స్వయంగా కొట్టు పెడతారు" అన్నాడు.

జ్ఞానప్రకాశం విని తల పట్టుకున్నాడు. "సంఘపెద్దని. శివరాత్రినాడు తీర్థంలో కనపడితే అయ్యగారికి ఏం చెప్పను?"

"మీరు ఇంట్లో ఉండండి."

"నిన్నొక్కదాన్నీ పంపితే నాకు నేనేం చెప్పుకోను?"

ఆ రోజు ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని పట్టిసీమలో బస్సు దిగాడు. దిగగానే టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. "ఇసుకలోకి నేను దిగను. ఎవరైనా అడిగితే బస్సు తప్పిపోయిందంటాను."

"ఈ వయసులో అబద్ధమాడతారా?"

"అబద్ధమెందుకవుతుంది? నువ్వు వచ్చేసరికి ఎలాగూ తప్పిపోతుందిలే."

గోదావరి ఇసుకలో కొట్లు బారులు తీరి ఉన్నాయి. గాజులు, జీళ్ళు, ప్లాస్టిక్ బొమ్మలు. గుడికి పోయే పడవల కోసం జనం నీళ్ళలోకి దిగి నిలబడ్డారు. వీరభద్రుడి పాటలు మైకుల్లో ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. లేసు గుడ్డలు కట్టిన తాడు దూరంనుంచే కనపడింది. ఆ గుడ్డల మాటున ఎవరో అమ్మాయి అటు తిరిగి కూర్చుని ఉంది. ఒంచిన మెడ, వీపు మీద జడ. ఎడమ మోచెయ్యి బయటికి వెళ్తోంది, లోపలికి వస్తోంది.

సువార్తమ్మ ఆగిపోయింది. పిలిచేద్దామనుకుంది. పేరు నాలుకదాకా వచ్చింది. పిలిస్తే ఆ పిల్ల తిరుగుతుంది, తిరిగితే ఏ మొహం ఉంటుందో. మైకులు మోగుతున్నాయి, ఆమెకు మాత్రం ఏమీ వినపడలేదు. ఆ మోచెయ్యి అలా ఆడుతున్నంతసేపూ నిలబడింది.

"రండమ్మా, ఎండలో నిలబడ్డారేంటి?" అని ఎర్రంచు చీర ఆవిడ కేక వేసింది. ఆ అమ్మాయి తిరిగింది. పద్ధెనిమిదేళ్ళుంటాయి. ముక్కుపుడక, చామనఛాయ. ఎవరో పిల్ల.

బుల్లెమ్మ గుర్తుపట్టలేదు. సువార్తమ్మే కోత పండుగ, బిస్కెట్ల డబ్బా అని చెప్పాల్సి వచ్చింది. ఎవరి చేతిపనో కూడా చెప్పింది. బుల్లెమ్మ చేతిలో గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టేసింది.

"అయ్యో తల్లీ. ఆ రోజే ఒక్క మాటంటే మూతతో సహా మీ చేతిలో పెట్టేద్దును కదా."

"దేవుడి బల్ల మీదిది ఎలా అడగనండి?"

"దేవుడు అడిగాడా ఏంటి, మీరిచ్చారు గాని" అంది బుల్లెమ్మ. మళ్ళీ తనే మెత్తబడింది. "అన్నీ ఒక గుడ్డకు వేద్దామంటే వాలు కలవలేదమ్మా. గుడ్డకొకటి నడుమ వేశాను. దిష్టి పువ్వని జనం అడిగి మరీ కొన్నారు. అయిపోతే ఏం చెయ్యను? ఇదిగో, మా హారతి. పుర్రచేతి పిల్ల అని ఎవరూ అల్లిక నేర్పలేదు. మీ అమ్మాయి పువ్వు ఒకటి మచ్చుగా చేతిలో పెట్టాను. దాన్ని చూసే నేర్చుకుంది. ఏడాది దాటింది."

ఏడాది. సువార్తమ్మ మనసులో లెక్క తిరిగింది. సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత విప్పింది. "ఇందులో నీవేవో గుర్తుపడతావా అమ్మా?"

"ఎందుకు పట్టనండి?" అంది హారతి. సొంత చేతిపని చూసిన సంతోషంలో ఉంది ఆ పిల్ల. ఒక గుడ్డ పరిచి, పువ్వు తీసి వేళ్ళతో నొక్కింది. "ఇది నాది. చివరి దారం నేను, ఆఖర్న పడే చిన్న రేకు పక్కనున్న రేకులోకి దోపుతానండి. నొక్కితే గట్టిగా తగుల్తుంది, చూడండి." కుడివైపు పెట్టింది. రెండోది నొక్కింది. "ఇది కాదు. ఆవిడదే." ఎడమవైపు పెట్టింది. మూడోది, "నాది." నాలుగోది, "నాదే." ఐదోది తీసి చూడకుండానే, "నాది" అంది.

ఎడమవైపు ఒక్కటే పువ్వు ఉంది. సువార్తమ్మ దానివైపే చూస్తోంది. పందొమ్మిదీ పరిచి పక్కన పడుకున్న మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఎవరి పక్కన పడుకుంది తను?

ఆరో పువ్వు హారతి నొక్కి, తిరగేసి, మళ్ళీ నొక్కింది. ఎటూ పెట్టలేదు.

"ఏమైందే?" అంది బుల్లెమ్మ.

"ఇది ఆ మచ్చు పువ్వండి. చూస్తుంటే మొదలు ఎక్కడో తెలియలేదు. అందుకని ఊడదీశాను. కుట్టు తరవాత కుట్టు ఊడదీసి, ఆ దారంతోనే మళ్ళీ అల్లాను. నేను అల్లిన మొదటిదిదే." పువ్వు అరచేతిలో పెట్టుకుని సువార్తమ్మ వైపు చూసింది. "దారం ఆవిడది. అల్లిక నాది. ఎటు పెట్టనండి?"

సువార్తమ్మ ఆ పువ్వు తీసుకుంది. దారం ముడతలు పడి మెత్తగా ఉంది, రెండుసార్లు అల్లిన దారం ఎలా ఉంటుందో అలా.

"చాలమ్మా" అంది. "ఇంక చెప్పకు."

"ఇంకా పద్నాలుగున్నాయండి."

"ఉండనీ."

కుడివైపువీ ఎడమవైపువీ ఆమే ఎత్తింది. అన్నీ డబ్బాలో వేసి, అరచెయ్యి పెట్టి బియ్యం కలిపినట్టు కలిపేసింది. హారతి ఏదో తప్పు చేశానేమోనని బుల్లెమ్మ మొహం చూసింది. సువార్తమ్మ ఆ పిల్ల ఎడమచెయ్యి పట్టుకుని ఒక్క క్షణం ఉంచుకుంది. వెచ్చగా ఉంది. దారం ఒరుసుకుని చూపుడువేలి పక్కన గీత పడింది. వదిలేసి లేచింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కొవ్వూరు దాటి బస్సు వంతెన ఎక్కింది. నీళ్ళు కనపడ్డాక జ్ఞానప్రకాశం అడిగాడు.

"ఇరవయ్యోది ఎవరిదో తెలిసిందా?"

సువార్తమ్మ ఉలిక్కిపడింది. "మీకెలా తెలుసు?"

"నేనూ లెక్కపెడుతూనే ఉన్నానుగా. నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు." తలకున్న తువ్వాలు సర్దుకుని, "దారం ఉండ కూడా చూసేవాణ్ణి" అన్నాడు.

ఆమె డబ్బా మూత కొంచెం తెరిచి చెయ్యి లోపల పెట్టింది. చేతికి ఒక పువ్వు తగిలింది. ఏ పువ్వో తెలియదు, తెలుసుకోకూడదనే కలిపింది. కాని బొటనవేలు ఆమెను అడక్కుండానే రేకులు తడుముకుంటూ పోయింది. చిన్న రేకు దొరికింది. దాని పక్క రేకు అంచుదాకా వెళ్ళింది.

చెయ్యి బయటికి లాక్కుంది. డబ్బా తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"మీ దగ్గర ఉంచండి. అడిగినా నాకివ్వకండి."

"ఎన్నాళ్ళు?"

ఆమె కింద గోదావరి వైపు చూస్తూ ఉండిపోయింది. జ్ఞానప్రకాశం మూత గట్టిగా నొక్కి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి డబ్బాకు చుట్టి, రెండు చేతులూ దానిమీద వేసుకుని కూర్చున్నాడు.