నడుమ స్తంభం లేని కారు

మొన్న హైదరాబాదులో పాతకార్ల ప్రదర్శన ఉందంటే మా అమ్మాయి పట్టుబట్టి లాక్కెళ్ళింది. వరస చివర వెండిరంగు జర్మన్ కూపే ఒకటి నిలబెట్టారు. జనమంతా దాని ముక్కు దగ్గర ఫొటోలు దిగుతుంటే నేను పక్కకి వెళ్ళి, వంగి, తలుపు చుట్టూ సందు ఎలా ఉందో చూశాను. పైనుంచి కిందిదాకా ఒకే మందం. "ఏంటి నాన్నా, కొనేస్తావా?" అని నవ్వింది అమ్మాయి. నాకు నవ్వు రాలేదు.

రెండువేల అయిదులో నేను అబుదాబి పక్కన ముసఫాలో ఒక గ్యారేజీలో ఉండేవాణ్ణి. వచ్చిన కారుకి ఏం పని చెయ్యాలో రాసుకోవడం, ఏ రోజుకిస్తామో చెప్పడం, పనివాళ్ళ వెంటపడటం నా ఉద్యోగం. స్పానరు పట్టిన పాపాన పోలేదు. సరిగ్గా అలాంటి కూపేనే ఒక పెద్దాయన, అక్కడి అరబ్బు, తెచ్చి అప్పగించాడు. వాళ్ళ నాన్న కొన్న కారట. వారం తిరిగేసరికి కొడుకు పెళ్ళి, వరుడు అందులోనే దిగాలని ఆయన కోరిక. "వారం చాలు" అన్నాను, ఎవరినీ అడక్కుండా.

కారుతోపాటు దాని పుట్టుపూర్వోత్తరాలున్న లావుపాటి పుస్తకం కూడా ఇచ్చి వెళ్ళాడాయన. అంతకుముందు మోడల్ ముఖం బాలేదని జనం వెక్కిరిస్తే, ఒళ్ళు అలాగే ఉంచి, ముక్కు ముందుకి సాగదీసి కొత్త ముఖం పెట్టారట. రెండు అద్దాల మధ్య ఉండాల్సిన స్తంభాన్ని అసలు పెట్టనేలేదు. అద్దాలన్నీ దించితే ముందునుంచి వెనకదాకా ఒకటే కిటికీ, పైన గాలిలో తేలుతున్నట్టు కప్పు. ఇదంతా చదివి, తగుదునమ్మా అని టీ వేళ అందరికీ ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. స్తంభం లేకపోవడమే దాని అందమని చెప్పి చెప్పి వాళ్ళ చెవులు చిల్లులు పడేలా చేశాను.

ఆ ఉపన్యాసాలు శ్రద్ధగా విన్నది బాబాయ్ ఒక్కడే. వరస ఏమీ లేదు, అమలాపురం వైపు మనిషి, నాకంటే పెద్దవాడని అలా పిలిచేవాణ్ణి. రేకు పని ఆయనది. తలుపుల కింద తుప్పు తినేసిన అడుగుభాగం కోసి కొత్త రేకు వెయ్యాలి. తలుపులు ఊడదియ్యబోతూ ఆగి నన్ను పిలిచాడు.

"బాబూ, నడుమ స్తంభం లేదని మీరే చెప్పారు కదండీ. కొయ్యకముందే ఈ గుమ్మాలకి అడ్డంగా ఇనప కడ్డీలు ఏసేద్దామండి. లేపోతే ఒళ్ళు కుంగిపోద్ది. ఒక్క పూట పని."

"పూట ఎక్కడుంది బాబాయ్? యల్లా, కోసెయ్" అన్నాను.

కోశాడు. సాయంత్రానికి కారు నడుము వేలెడు కుంగింది. తలుపులు పెడితే పట్టలేదు. మా ముదీర్, అంటే మేనేజరు, వచ్చి చూసి, కడ్డీలు ఎందుకు వెయ్యలేదని హిందీలో అరిచాడు. నా నోటినుంచి వెంటనే వచ్చింది: "బాబాయ్ మర్చిపోయాడు."

హిందీ బాబాయ్‌కి బాగానే వచ్చు. నావైపు ఒకసారి చూసి, చేతిలోని కోత మిషను కింద పెట్టాడు. ముదీర్ "ఖలాస్" అన్నాడు. బాబాయ్ వీసా రద్దు.

వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగాడు. "నాలుగు రోజులుండనిమ్మని చెప్పండి బాబూ. జాకీలెట్టి లేపుతాను. ఎలా కుంగిందో నాకు తెలుసండి." ఎలా కుంగిందో ఆయనకి తెలియడమే నా భయం. చెప్తానన్నాను. చెప్పలేదు. పిరికితనానికి అంతకంటే మంచి పేరు నాకు దొరకలేదు.

కారు పెళ్ళికి అందలేదు. పెద్దాయన ఆ పుస్తకం మాత్రం తిరిగి తీసుకున్నాడు. తరవాత వేరే మనిషిని తెప్పించి కారు నడుము మళ్ళీ పైకి లేపించాక, ఒకరోజు వెల్డింగ్ మిషను వెనక ఏదో వెతుకుతుంటే, గోడకి ఆనించిన నాలుగు ఇనప కడ్డీలు కనిపించాయి. ఒక్కొక్కదాని మీదా సుద్దముక్కతో కొలత రాసి ఉంది. తీసుకెళ్ళి ఆ గుమ్మాలకి పెట్టి చూశాను. అక్షరాలా సరిపోయాయి. నన్ను అడగడానికి ముందే కోసి పెట్టుకున్నాడన్నమాట.

ప్రదర్శన నుంచి వస్తూ అమ్మాయి మా కారు తలుపు వేసింది. అది పడ్డ చప్పుడు చెవిపెట్టి విన్నాను, ఎప్పట్లాగే. బాబాయ్ అడిగింది ఒక్క పూట. అది కలిసొస్తుందనుకున్నాను. ఇన్నేళ్ళు గడిచినా ఆ ఒక్క పూటే ఇంకా గడవలేదు.