చెల్లో మీద శ్రుతి

మా అమ్మాయి పెద్ద వయొలిన్ లాంటి చెల్లోని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, తీగల మీద జారకుండా విల్లుకి రోజిన్ రాసుకుంటుంటే, ఆ జిగురు వాసనకి నా భుజాలు బిగుసుకున్నాయి. పక్కనే మా అమ్మ పాడడానికి గొంతు సవరించుకుంటోంది.

నాకు పదేళ్లప్పుడు అమ్మమ్మ అమెరికాలో, షామ్‌బర్గ్‌లోని మా ఇంటికొచ్చి ఆరు నెలలుంది. తంబూరా విమానంలో తెచ్చుకోలేకపోయింది. స్కూల్లో ఇచ్చిన నా చెల్లో మీద మధ్య తీగలు రెండూ మోగించి చూపిస్తే, “సరిగ్గా స, ప. పాటని మోసేది ఇదే. నేను చెప్పేదాకా ఆపకు,” అంది.

రోజూ స్కూల్ నుంచి రాగానే నేను ఆ తీగల మీద విల్లు లాగితే నేల సన్నగా అదిరేది, తను పాడేది. ఒకరోజు, చిన్నప్పటి నుంచి పాడుతున్న కీర్తన సగంలో ఆగి, కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది.

“శ్రుతి ఆపేశావేమే? పాటలో మాట మర్చిపోయాను,” అంది.

“సారీ అమ్మమ్మా,” అన్నాను. నా విల్లు ఇంకా కదులుతూనే ఉంది.

మర్నాటి నుంచి ఊపిరి బిగబట్టి వాయించాను. అయినా పాటలో రోజుకో మాట పోయేది. తప్పు నాదే అనుకుని అమ్మకి చెప్పలేదు. తిరిగి వెళ్లేనాటికి అమ్మమ్మ నన్ను అమ్మ పేరుతో పిలుస్తోంది. అది మతిమరుపు జబ్బని, నా సారీ దాన్ని కప్పేసిందని పెద్దయ్యాక తెలిసింది.

ఇవాళ అమ్మ పాట సగంలో ఆగింది. “ఆపేశావేమే?” అంది.

“సారీ అమ్మమ్మా,” అంది మా అమ్మాయి, విల్లు ఆపకుండానే.