నేను దండం పెట్టిన మగవాళ్ళు

నా భార్య గురించి బూతులు రాసిన మగవాళ్ళకు నేను చేతులారా ధన్యవాదాలు చెప్పాను. ఓపికగా, ఒక్కొక్కరి పేరూ చూసి, దండం పెట్టే బొమ్మ తగిలించి మరీ చెప్పాను. 'మీ ఆదరణ ఇలాగే కొనసాగాలి' అని కూడా రాశాను. కొనసాగింది.

నా భార్య కుట్టు మిషన్లు బాగుచేస్తుంది. సికింద్రాబాద్ పాత బజారులో వాళ్ళ నాన్నకు రిపేరు కొట్టు ఉండేది. కొడుకులెవరికీ పట్టుబడని పని ఈమెకు పట్టుబడింది. ఇప్పుడు మల్కాజ్‌గిరిలో మా ఇంటి ముందుగదే ఆమె కొట్టు. మిషన్ ఎదురుగా ఉండాలని కూడా లేదు. ఎక్కడో సిద్దిపేట అవతల ఒకామె ఫోను దగ్గర పెట్టి చక్రం తిప్పితే, ఈమె ఇక్కడ చిక్కుడుకాయలు ఒలుస్తూ విని, "కింద షటిల్‌ల దారం ముక్క ఇరికింది, తీయి" అంటుంది. తీస్తే ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళుగా ఈమె పని చూస్తున్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నేను ఆఫీసులో అన్నేళ్ళూ కళ్ళెదుట ఉన్న ఫైలును వెతుక్కున్నవాణ్ణి.

రిటైరయ్యాక నాకు ఊసుపోక, ఆమె పనిని వీడియోలు తీసి నెట్‌లో ఛానెల్ పెట్టాను. స్టూలెక్కి పైనుంచి తీసేవాణ్ణి. మిషన్ పేగులు పైనుంచే బాగా కనబడతాయని నా సిద్ధాంతం. మాటిమాటికీ దారం తెగితే ఏం చేయాలో చెప్పిన వీడియోకు వ్యూస్ వరదలా వచ్చాయి. పొద్దున్నే కాలనీ పార్కులో నాతో నడిచే మిత్రులకు "అంతా యాంగిల్‌లో ఉందన్నా" అని చెప్పాను. నిజమే చెప్పాను, తెలియక చెప్పాను.

కామెంట్లలో సగం నాకు అర్థం కాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ, తెలుగు పొట్టి మాటలు, మంటల బొమ్మలు, వంకాయ బొమ్మలు. వంటల ఛానెల్ అనుకుని వచ్చారేమో పాపం అనుకుని వాళ్ళకు కూడా దండాలు పెట్టాను.

ఒక శనివారం సాయంత్రం మా అమ్మాయి ఆఫీసు నుంచి ఎంఎంటీఎస్ రైల్లో వస్తోంది. పక్కన నిలబడ్డ ఇద్దరు ఫోన్లో ఏదో చూసి నవ్వుకుంటున్నారట. ఓరగా చూస్తే అందులో మా ఇంటి పచ్చగోడ. ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఫోను నా ముందు పెట్టింది. వాళ్ళమ్మ మిషన్ ఎత్తడానికి వంగిన పదకొండు సెకన్లు. ఎవరో కత్తిరించి, నెమ్మది చేసి, కింద పాట పెట్టారు.

"ఇది నువ్వు తీసిందే కద డాడీ?"

"అవును, కానీ ఈ పాట..."

"పాట సంగతి కాదు. వీళ్ళందరికి థాంక్స్ ఎందుకు చెప్పినవ్? వీడు అమ్మను ఏమన్నడో తెల్సా నీకు?"

ఛానెల్ కామెంట్లు తెరిచి, ఒక్కొక్కటీ మామూలు తెలుగులో విడమరిచి చెప్పింది. మూడోదానికి నేను కుర్చీ వెతుక్కున్నాను. తర్వాత ఆ దారం వీడియోలో జనం ఎక్కడ ఎక్కువగా చూశారో తెలిపే గీత చూపించింది. నాలుగు నిమిషాలూ మా వీధిలా చదునుగా ఉన్న గీత, ఆ పదకొండు సెకన్ల దగ్గర మౌలాలి గుట్టలా లేచింది. నేను లైకులనుకున్నదంతా లేకితనం. ఆ గుట్టకు మెట్లు కట్టినవాణ్ణి నేనే.

"మొత్తం ఛానెలే తీసెయ్" అంది అమ్మాయి. నా వేలు అప్పటికే మీట మీద ఉంది.

"ఏందది? నాకు సుత చూపియ్యిండ్రి" అంటూ చేతి నూనె తుడుచుకుంటూ నా భార్య వచ్చింది. ఇద్దరం ఫోను దాచబోయాం. తీసుకుంది.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం, కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి కామెంటు నుంచి చదవడం షురూ చేసింది. అర్థం కానిచోట కూతుర్ని అడిగింది. కూతురు తల వంచుకుని చెప్పింది. ఒకచోట ఆగి, లేచి, కొంగుకు పిన్నీసు పెట్టుకొచ్చింది. పని బట్టల మీద ఆమె పిన్నీసు పెట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు. కాసేపటికి చెయ్యి ఆడడం లేదని తీసి బల్ల మీద పెట్టింది. నేను ఆ పిన్నీసు వైపే చూస్తూ కూర్చున్నాను.

మధ్యమధ్యలో ఒక కాగితం మీద ఏదో రాస్తోంది. తిట్టినవాళ్ళ జాబితా అనుకున్నాను. తొంగి చూస్తే అన్నీ ఆడవాళ్ళ పేర్లు.

"గజ్వేల్‌ల ఒకామెకు సూది విరుగుతున్నదట. నెల కింద అడిగింది. ఇంకొకామె పెండ్లిళ్ళ సీజన్‌ల మిషన్ ఆగి పరేషాన్ల ఉన్నది. వీళ్ళకు జవాబియ్యలేదేంది?"

పొగడ్త కాదు కనుక ఇవ్వలేదు.

"గలీజుగాళ్ళకు దండాలు పెట్టిన్రు. అక్కరున్నోళ్ళను ఇడిసిపెట్టిన్రు."

"తీసేద్దాం అమ్మా" అంది అమ్మాయి.

"తీస్తే వీళ్ళు యాడ చూసుకుంటరు? మిషన్ నడిస్తేనే వాళ్ళ ఇల్లు నడుస్తది. నేను మా నాయిన కొట్ల కూసున్నప్పటి సంది మొగోళ్ళు గిట్లనే చూస్తున్నరు. అప్పుడు కొట్టు మూసుకొని పోయిన్నా?" నా వైపు తిరిగింది. "ఆ పదకొండు సెకన్లు కోసెయ్యిండ్రి. ఇగ మీరు స్టూలెక్కొద్దు. నా చేతులు తీయిండ్రి, సాలు."

చీకటి పడేదాకా ఆమె చెబుతుంటే నేను జవాబులు కొట్టాను. అంత బురదలోంచి ముప్ఫై ఒక్క మందిని ఏరి తీసింది. ఒక్కరి మిషన్ జబ్బూ రెండోసారి అడగలేదు. ఈ మనిషితో ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నానా అనిపించింది.

ఆ కామెంట్లలో ఒకదాని పక్కన తెలిసిన ముఖం ఉంది. రోజూ పార్కులో నాతో నడిచే పెద్దమనిషే. నా భార్యను నోరారా 'చెల్లెమ్మా' అంటాడు. ఆయన రాసింది నేను ఇక్కడ రాయను. దానికీ నా దండం ఉంది.

ఆ వారమే ఆయన వాళ్ళావిడ మిషన్‌ను ఆటోలో వేసుకొచ్చాడు. నా భార్య మిషన్ విప్పుతూ, ఆ కామెంటు తెరిచి ఉన్న ఫోను అందించింది.

"చేతులకు నూనె ఉన్నదన్నా. జెర ఇది పెద్దగ చదివి పెట్టు."

ఆయన చదువుకున్నాడు. పెద్దగా కాదు.

"నా ఫోన్ ఎవడో హ్యాక్ చేసిండు చెల్లెమ్మా."

"మంచి హ్యాకరే. పొద్దుగాల మా ఆయనకు గుడ్ మార్నింగ్ పువ్వులు సుత పంపుతుండు."

ఆయన మెడ మీద చెమట కాలరులోకి దిగడం చూశాను.

"తప్పైంది" అన్నాడు చివరికి, ఫోనుతో.

"దాంతోని కాదు, నాతోని చెప్పు."

చెప్పాడు. ఆమె తల ఎత్తి విని, మళ్ళీ మిషన్ మీదికి వంగింది. గంటసేపు శ్రద్ధగా బాగుచేసింది. నాకు ఆగక, "ఈయన మిషన్‌కు ఇంత శ్రద్ధ ఎందుకు?" అని గొణిగాను.

"ఈయనది కాదు, వదినది" అంది.

అంత పెద్ద మనసు నాకు లేదు. పని అయ్యాక ఆయన ఆటో పిలవబోతే ఆపాను.

"ఆటోల వద్దన్నా. కుదుపులకు సెట్టింగ్ పోతది. చేతుల మీద తీస్కపోవాలె."

అది అబద్ధమని తెలిసిన, ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉన్న మెకానిక్ నా వైపు ఒక్క క్షణం చూసింది. తర్వాత నూనె డబ్బా మూత వెతకడంలో పడిపోయింది.

ఆయన ఇల్లు పట్టాల అవతల. ఇనుప మిషన్ గుండెలకు హత్తుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో ఫుట్‌బ్రిడ్జి మెట్లు ఎక్కాడు. నేను గొడుగు పట్టుకుని పక్కనే నడిచాను, నీడ మిషన్ మీద మాత్రమే పడేలా. సగం మెట్లెక్కి ఆగాడు.

"అన్నా, జెరసేపు నువ్వు పడ్తవా?"

"నాకు నడుము నొప్పన్నా" అన్నాను.

నా నడుము దివ్యంగా ఉంది.