కొండ మీది సన్యాసినులకు గొంగళ్ళు

అనంతపురంలో మా టైలరింగ్ షాపు ఎదుట ప్రతి చలికాలం ఒక టిబెటన్ ఆమె స్వెటర్లు అమ్మేది. కర్ణాటకలోని వాళ్ళ కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేది. మా అత్తను కన్నడంలో ‘అజ్జీ’, అంటే అవ్వా అని పిలిచేది. మధ్యాహ్నం మాతోబాటే షాపులో కూర్చుని అన్నం తినేది.

ఆ ఏడు ఆలస్యంగా వచ్చింది. మూటలు కూడా విప్పకుండా కూర్చుంది. అత్త గుచ్చి గుచ్చి అడిగితే ఫోనులో ఫొటోలు చూపించింది. ఆమె చెల్లెలు హిమాలయాల్లో ఒక బౌద్ధ మఠంలో సన్యాసిని. వానలకు కొండచరియ విరిగి వంటిల్లు మీద, పడకగదుల మీద పడింది. ఆ వేళకు అందరూ ప్రార్థనలో ఉండబట్టి బతికారు. బియ్యం, పరుపులు, దుప్పట్లు మాత్రం మట్టిలో కలిసిపోయాయి.

“ఇప్పుడు యాడ పండుకుంటాండారు?” అంది అత్త.

“ప్రార్థన హాల్లో అజ్జీ. కింద బండలే.”

ఆమె మమ్మల్ని ఏమీ అడగలేదు. మరునాడు పొద్దున అత్తే మంచి చీర కట్టుకుని, “పా, నాలుగిండ్లు అడుగుదాం” అంది. నేను ఆశ్చర్యపోయాను. కరువు ఏళ్ళలో పస్తులున్నా పక్కింటి వాకిలి తొక్కని మనిషి మా అత్త.

మొదటి ఇంటాయనే అడ్డం తిరిగాడు. “మన చేన్లే ఎండిపోతాండాయి. యాడనో ఉండే బౌద్ధ సన్యాసులకు మనమెందుకిస్తాం?”

“నీళ్ళు ల్యాక మనం ఏడుస్తాండాం, నీళ్ళెక్కువై వాళ్ళు ఏడుస్తాండారు. ఆడబిడ్డలప్పా, బండల మీద పండుకుండారు” అంది అత్త. ఆయన లోపలికి పోయి ఇంత డబ్బు తెచ్చి, ఆమె మొహం చూడకుండా ఇచ్చాడు.

వారం రోజులు తిరిగాం. షాపుకొచ్చే ఆడవాళ్ళు దుప్పట్లు తెచ్చారు. బుక్కరాయసముద్రం దగ్గర గొర్రెలు కాసే ఒక పెద్దాయన మా మాట చివరిదాకా విని, “ఆడ చలి ఎంతుంటాదమ్మా?” అని అడిగాడు.

“కుండలో నీళ్ళు గడ్డకడతాయంట” అన్నాను.

“అట్లయితే మీ దుప్పట్లు పనికిరావు.” లోపల్నుంచి మూడు నల్ల గొంగళ్ళు తెచ్చాడు. సొంత గొర్రెల ఉన్నితో నేయించినవి. “వాసనొస్తాది, చెప్పండి వాళ్ళకు. రెండు దినాలు ఎండలో ఏస్తే పోతాది.” మేము చెప్పకుండానే ఆయన పక్క ఊళ్ళోని తన వాళ్ళను అడిగి, మరో రెండు తెప్పించాడు.

గొంగళ్ళు, దుప్పట్లు మూటలు కట్టి రైల్లో పార్సిలు పంపాం. డబ్బు స్వెటర్లామె చెల్లెలికి చేరింది. దాంతో వంటింటి పైకప్పుకు రేకులు కొన్నారు.

సంక్రాంతి దాటాక ఒకరోజు స్వెటర్లామె మా షాపులో ఉండగా ఆమె ఫోనుకు మఠం నుంచి వీడియో కాల్ వచ్చింది. గుండ్లతో చిన్న చిన్న మొహాలు ఫోను నిండా. ఇద్దరు ముసలి సన్యాసినులు గొంగళ్ళు కప్పుకుని నవ్వుతున్నారు. అత్త చేతులు జోడించింది. “అన్నం తిన్యారా?” అని అడిగింది. స్వెటర్లామె ఆ మాట వాళ్ళ భాషలో చెప్పగానే అందరూ ఒక్కసారిగా తలలూపారు.

“మీ ఊళ్ళో వాన పడాలని రోజూ ప్రార్థన చేస్తారంట అజ్జీ” అంది స్వెటర్లామె.

అత్త కంగారుపడింది. “మీకొచ్చినంత వద్దని చెప్పమ్మా! చెర్లో ఇన్ని నీళ్ళుంటే చాలు.”

అవతల వాళ్ళు ఎంతసేపు నవ్వారో! నవ్వీ నవ్వీ ఆ చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. ఇవతల స్వెటర్లామె ఫోను నా చేతికిచ్చి, మా అత్త భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. అత్త ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది. షాపుకొచ్చినామె జాకెట్టు కొలతలకు నిలబడి ఉంటే, “కాసేపు కూసో తల్లీ” అని నేనే కుర్చీ వేశాను.