సగం నింపిన గ్లాసులు

ఆ ఆదివారం ప్రభువు బల్ల ఆరాధనలో ట్రే పట్టుకుని వరసల మధ్య నడుస్తుంటే గ్లాసులు గలగలమన్నాయి. మా లాలాగూడ చర్చి సంఘంలో నెలకోసారి, యేసు రక్తానికి గుర్తుగా, ద్రాక్షరసం బొటనవేలంత గ్లాసుల్లో పోసి, ట్రేలో పెట్టి, సంఘ పెద్దలు కూర్చున్నవారి దగ్గరికి తీసుకెళ్తారు. రైల్వేలో ఉద్యోగం చేసే రోజుల నుంచి ఆ ట్రే నాది. ప్రసంగించలేను, పాడలేను. నాకు చేతనైన సేవ అదొక్కటే. ఆ రోజు నా కుడి చెయ్యి నా మాట వినలేదు.

"టిఫిన్ తినకుండా వచ్చారు కదండీ, నీరసం" అంది నా భార్య సుగుణ. డైరీలో నేనూ అదే రాసుకున్నాను. కొన్ని వారాలకు ఆ డైరీలోనే నా అక్షరాలు పేజీ చివరికి వచ్చేసరికి చీమల్లా కుంచించుకుపోవడం గమనించాను.

న్యూరాలజిస్ట్ వేళ్లు ఆడించమన్నారు, వరండాలో నడిపించారు, ఎమ్మారై చూశారు. "పార్కిన్సన్స్ అంకుల్. క్యూర్ లేదు. కంట్రోల్ చేద్దాం."

"ట్రే పట్టుకోవచ్చా డాక్టర్?"

"ఏం ట్రే?" అన్నారాయన. సుగుణ తల వంచుకుంది.

మాత్రలు మొదలయ్యాక కొన్నాళ్లు చెయ్యి కుదురుగా ఉంది. మళ్లీ వణుకు వచ్చింది. డోస్ పెంచితే వాంతులు, గది మూలలో లేని మనుషులు కనబడటం. తగ్గిస్తే వణుకు ఇంకా పెరిగింది. పాస్టరుగారు ఇంటికొచ్చి తల మీద చేతులుంచి ప్రార్థించారు. మరునాడు చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయాను.

అయినా ట్రే వదల్లేదు. ఆ నెలల్లో గ్లాసులు సగమే ఉండేవి. ముందురోజు సాయంత్రం ద్రాక్షపండ్లు పిండి వాటిని సిద్ధం చేసేది మార్తమ్మ. "మార్తమ్మ పిసినారి అయిపోయింది" అన్నాను ఇంట్లో. సుగుణ ఇంకో చపాతీ ఒత్తింది.

ఒక ఆదివారం వరసల మధ్య నా కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. దాన్ని ఫ్రీజింగ్ అంటారని తర్వాత తెలిసింది. ట్రే చేతిలో ఉంది, అడుగు పడదు. అందరూ బైబిల్లోకి చూస్తున్నారు. తోటి పెద్ద ప్రకాశం వచ్చి మెల్లగా, "జెర గిటు ఇయ్యన్నా. నువ్వు నా భుజం పట్టుకో" అన్నాడు. ఇచ్చేశాను.

మరుసటి నెల బెంచీ మీద కూర్చున్నాను. ప్రకాశం ట్రే నా ముందుకు తెచ్చాడు. గ్లాసులన్నీ అంచు దాకా నిండి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. నోటి దాకా తెచ్చేలోపు నా గ్లాసు తెల్లచొక్కా మీద ఒలికింది.

ఆరాధన అయ్యాక వెనకగదిలో మార్తమ్మ గ్లాసులు కడుగుతోంది.

"నేను పట్టుకున్నన్ని నెలలూ సగమే పోశావు కదా మార్తమ్మా?"

"ఏందన్నా నువ్వు! అప్పుడు ద్రాక్షపండ్లు మంచిగ దొర్కలే."

"అన్ని నెలలూనా?"

"దొర్కలే అంటున్న కదా! పో, వదిన ఆటో ఆపుకొని నిలబడ్డది." మళ్లీ నా వైపు చూడలేదు.

నా చేతికోసం సంఘమంతా అన్నాళ్లు సగం గుటకే మింగింది. ఒక్కరూ అడగలేదు. ఇంటికెళ్లి ఏడ్చాను. కృతజ్ఞతతో ఏడ్చానని చెప్పలేను. ట్రే ఇక నా చేతికి రాదని ఆ నిండు గ్లాసులు చెప్పేశాయి.

ఇప్పుడు ఇది నేను చెబుతుంటే సుగుణ రాస్తోంది. డైరీ కూడా ఆమే రాస్తుంది. స్వస్థత కోసం ప్రార్థించడం మానేశాను. చాలా ఉదయాలు అసలు ప్రార్థనే రాదు. మాత్ర పని చేసేదాకా మంచం మీద కొయ్యలా పడి ఉంటాను. రేపు ఇంతకంటే బాగుంటుందని డాక్టరూ అనడం లేదు.

చర్చికి మాత్రం వెళ్తున్నాను. నిండు గ్లాసుల మధ్య, ట్రే అంచున, ఒక్కటి సగం ఉంటుంది. ఎవరూ దాన్ని తీసుకోరు. అదీ కొన్నిసార్లు ఒలుకుతుంది. సుగుణ నా చేతి కింద తన చెయ్యి పెడుతుంది.

చెయ్యి వణికితే నీరసమని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలని మీకు తెలిసే ఉంటుంది. నేను చెప్పగలిగింది వేరే. మీ ఇంట్లో వణికే చెయ్యి ఉంటే గ్లాసు సగమే నింపండి. ఎందుకని అడిగితే, పండ్లు దొరకలేదనండి.