పస్కా గుడ్డలకు పెట్టిన గంజి

నరసాపురం దగ్గర ఒక లేసు ఎగుమతి సంస్థలో నేను డిజైన్, క్వాలిటీ విభాగాలకు ఇన్‌చార్జిగా పనిచేశాను. రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వానలు ఇంకా వదలని ఒక కార్తీక మాసంలో, యూదుల పండుగ సరుకు బాధ్యత నా మీద పడింది. ఇన్‌చార్జి అంటే పెద్ద హోదా అనుకోకండి. నా పైన యజమాని, నా కింద ఒక డ్రాఫ్ట్స్‌మన్, ఫినిషింగ్ షెడ్డులో తొమ్మిది మంది ఆడవాళ్లు. అంతే. కానీ సరుకు పెట్టెలకెక్కే ముందు చివరి సంతకం నాది. ఏ పొరపాటు జరిగినా అది వచ్చి నా మెడకే చుట్టుకుంటుంది.

ఈ పని తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. మేము గళ్ల కాగితం మీద డిజైన్ గీస్తాం. నింపిన గడి ఉన్నచోట దారం నిండుగా అల్లాలి, ఖాళీ గడి ఉన్నచోట సందు వదలాలి. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఆ కాగితం చూసి కొక్కెం సూదితో ఇళ్లలోనే అల్లుతారు. అల్లినవి షెడ్డుకు వచ్చాక ఉతికి, గంజి పెట్టి, పలకల మీద గుండుసూదులతో సాగదీసి ఆరబెడతాం. దీన్ని ఫినిషింగ్ అంటారు. గంజి పడితేగాని లేసు నిలబడదు, మడత విప్పితే వేలాడిపోతుంది.

ఆర్డరు ఇచ్చినావిడ పేరు మిర్యాము. విదేశంలో ఉంటూ, యూదుల పండుగలకు కావలసిన గ్రీటింగ్ కార్డులు, దీపాల కింద పరిచే గుడ్డలు, రొట్టెల మీద కప్పే గుడ్డలు తానే గీసి తయారు చేయించేది. మాకిచ్చినవి మూడు వందల పస్కా కవర్లు. పస్కా విందులో బల్ల మీద మూడు పలుచటి రొట్టెలు పెడతారు. వాటికోసం మూడు అరల గుడ్డ సంచి, దాని చుట్టూ జానెడు లేసు అంచు, ఆ అంచులో దానిమ్మకాయలు, ద్రాక్షతీగలు.

నాకు పస్కా గురించి ఒకరు చెప్పాలా! మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. ఇరవై ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. యూదుల పూర్వీకులైన ఇశ్రాయేలీయులు ఐగుప్తులో, అదే ఈజిప్టులో, బానిసత్వం నుంచి హడావుడిగా బయల్దేరిన రోజు, పిండి పులిసేదాకా ఆగే తీరిక లేక పులియని రొట్టెలు తిన్నారన్న కథ నిద్రలో లేపినా చెప్తాను. మా డ్రాఫ్ట్స్‌మన్ మొదటి నమూనాలో మధ్యన బన్నులా ఉబ్బిన రొట్టె గీసుకొస్తే, "ఏంటండీ ఇది, బేకరీ బోర్డా?" అని అందరిముందూ అతన్ని ఆటపట్టించాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆర్డరుతోపాటు ఒక డిక్లరేషన్ కాగితం వచ్చింది. సరుకులో వాడిన ప్రతి పదార్థం పేరూ రాసి, నిజమేనని సంతకం పెట్టాలి. దారం: నూలు. గుడ్డ: నూలు. గంజి ఏ ధాన్యంతో చేసినది? గోధుమ మాత్రం కాకూడదని మిర్యాము గారు దాని పక్కన చేత్తో రాశారు. నేను "బియ్యం" అని రాసేశాను. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, గంజి అంటే బియ్యం గంజి కాక ఇంకేముంటుంది? నా కుర్చీలోంచి చూస్తే ఫినిషింగ్ షెడ్డు తలుపు కనబడుతుంది. లేచి వెళ్లి ఒక్క మాట అడగలేదు. సంతకానికి అర నిమిషం పట్టిందేమో.

సరుకు లారీ ఎక్కడానికి ఇంకా అయిదు రోజులుందనగా ప్యాకింగ్ మొదలుపెట్టాం. పస్కా ఏప్రిల్లోనే గాని అక్కడి దుకాణాలు మూడు నెలల ముందే సరుకు తీసుకుంటాయి; ఈ ఓడ తప్పితే ఆ గడువు దాటిపోతుంది. గడువు దాటాక పండగ గుడ్డలు ఎవరిక్కావాలి? ఒక్కో కవరుతో మిర్యాము గారు పంపిన ఒక చిన్న కరపత్రం పెట్టాలి. నేను అది చదివి, షెడ్డులో ఆడవాళ్లకు తెలుగులో చెప్తున్నాను. పండగకు ముందు యూదులు ఇల్లంతా దులుపుతారట, అలమరాలు కడుగుతారట, పులిసిన పిండివంట తునక కూడా ఇంట్లో ఉండకూడదట, పస్కా వంటకు గిన్నెలు కూడా వేరేనట.

ఫినిషింగ్ చూసే రామలక్ష్మి చేతిలో కవరు అలాగే పట్టుకుని ఆగిపోయింది. ఆవిడ పుట్టిల్లు ద్రాక్షారామం. కార్తీక మాసం నెలంతా ఒంటిపూట భోజనం చేసే మనిషి.

"పిండంటే ఏ పిండండీ?" అని అడిగింది.

గోధుమ పిండి అన్నాను.

"మరి మనం పెట్టింది మైదా గంజి కదండీ."

బియ్యం గంజి ఏమైందని అడిగాను. బియ్యం గంజి లేసు సందుల్లో తెల్లగా పొరలు కడుతోందని రెండేళ్ల కిందటే మానేశారట. మైదా ఉడికించి పెడితే నునుపుగా వస్తుందట. "మీరే కదండీ ఫినిషింగ్ బాగుందని మెచ్చుకున్నారు!" అంది. నిజమే, మెచ్చుకున్నాను. దేంతో పెట్టారని మాత్రం అడగలేదు.

అయినా నా మనసు ఊరుకోలేదు, సాకులు వెతికింది. మైదా ఉడికించారు గాని పులియబెట్టలేదు కదా, మన బైబిలు ప్రకారం తప్పేముంది అనుకున్నాను. పైకి కూడా అదే అన్నాను. రామలక్ష్మి నావైపు జాలిగా చూసింది. "మడి సంగతి పుస్తకంతో తేలదండీ. వాళ్లు వద్దన్నారు, మనం పెట్టాం. మా అత్తగారైతే తడిబట్ట ఆరేసిన తీగ ఎవరైనా తాకినా మళ్లీ ఉతికించేది. ఇది నేరుగా రొట్టె పెట్టుకునే గుడ్డాయె" అంది. ఇరవై ఏళ్లు పస్కా పాఠం చెప్పిన నాకు తట్టనిది, ఆ కథే వినని మనిషికి ఒక్క మాటతో అర్థమైపోయింది.

యజమాని దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. "చూస్తే తెలుస్తుందా? వాసనొస్తుందా? ఎవరికి తెలుస్తుందండీ? ఇప్పుడు కడిగితే ఈ వానలో ఆరేదెప్పుడు, ఓడెక్కేదెప్పుడు?" అన్నారు. నాకూ అదే భయం. నిజం చెప్తే ఆర్డరు పోతుంది, చెప్పకపోతే మూడు వందల ఇళ్లలో నా సంతకాన్ని నమ్మి ఆ గుడ్డలో రొట్టె పెట్టుకుంటారు. ఎవరికీ తెలియదన్న మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. తెలిసిపోయే తప్పయితే ఎవరో ఒకరు తిట్టి దిద్దుతారు. దీన్ని దిద్దేవారెవరూ లేరు. కాగితం మీద సంతకం నాది, తప్పు నాది, ఆవిడకు నేనే రాస్తానని చెప్పి వచ్చేశాను.

మిర్యాము గారికి ఉన్నదున్నట్టు రాశాను. బియ్యం అని రాసింది చూడకుండా రాశానని కూడా రాశాను. మర్నాడు పొద్దున్నకి గాని జవాబు రాలేదు. అప్పటిదాకా ఫోను చేతిలోంచి దించలేదు. జవాబు నాలుగే వాక్యాలు. చెప్పినందుకు కృతజ్ఞతలు, గంజి పూర్తిగా పోయేలా కడిగి అసలు గంజే లేకుండా పంపగలరా, మెత్తగా ఉన్నా ఫరవాలేదు. చివర, ఓడ మాత్రం అదే.

నాలుగు రోజులు. బయట అల్పపీడనం, ముసురు. నేను వేడినీళ్లకు షెడ్డులోని పెద్ద గిన్నెలు పెట్టమన్నాను. రామలక్ష్మి కదల్లేదు. "మైదా ఉడికించిన గిన్నెలోనే మైదా వదిలిస్తామాండీ?" అంది. నాకు మళ్లీ తట్టలేదు! భీమవరానికి మనిషిని పంపి కొత్త గిన్నెలు తెప్పించాం. పాత పలకల్లో కూడా గంజి ఇంకి ఉంటుందని కొత్త థర్మాకోల్ షీట్లు కూడా ఆవిడే తెప్పించింది.

గంజి పోయిందో లేదో కంటికి తెలియదు. బళ్లో సైన్సు పాఠం గుర్తొచ్చింది. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి టించర్ అయోడిన్ తీశాను. పిండిపదార్థం తగిలితే అయోడిన్ నీలంగా మారుతుంది. ప్రతి గంపలోంచి ఒక కవరు తీసి, అంచున మిగిలిన దారప్పోగు కత్తిరించి చుక్క వేశాను. మొదటి ఉతుకు తర్వాత సిరా పోసినంత నీలం. రెండోసారికి లేత నీలం. మూడోసారీ పోలేదు. నా ప్రాణం ఉసూరుమంది. నాలుగోసారి చుక్క చుక్కలాగే, గోధుమరంగులో ఉండిపోయింది. నేను నమ్మలేక ఇంకో పది పోగులు చూశాను.

ఇక ఆరబెట్టడం. ఈసారి యజమాని తనంతట తానే వచ్చి, భీమవరంలో తన బావమరిదికి పెద్ద ఫ్యాన్లున్న గోడౌను ఖాళీగా ఉందని చెప్పారు. ప్రాణం లేచొచ్చింది. సరేననబోయి ఆగాను. "ఆ గోడౌన్లో ఏం పెట్టేవారండీ?" అని అడిగాను. రొయ్యల మేత అన్నారు. మేతలో ఏం కలుపుతారని అడిగాను. ఆయన చేపపొడి, సోయా అని చెప్తూ చెప్తూ, గోధుమపిండి దగ్గర నోరు మూసుకున్నారు. తర్వాత ఆయనే నవ్వేశారు.

చివరికి మా చర్చి పాస్టరుగారిని బతిమాలి సండే స్కూలు హాలు తీసుకున్నాను. మూడు వందల కవర్లు షీట్ల మీద సూదులు గుచ్చి ఫ్యాన్ల కింద పరిచాం. అంతకుముందు, పిల్లలకు బిస్కెట్లు పంచే గది అని తెలిసి, రామలక్ష్మి చీపురు పట్టి మూలమూలా ఊడ్చి రెండుసార్లు తడిగుడ్డ పెట్టింది. యూదుల పండగకు ముందు వాళ్ల ఇళ్లలో జరిగే పని మా చర్చిలో ఆవిడ చేసింది. కరెంటు రెండుసార్లు పోయింది. పోయినప్పుడల్లా నేను లేచి గడియారం చూడటం, ఆవిడ "కూర్చోండి మేడం, మీరు చూస్తే ఆరతాయా?" అనడం. అయిదో రోజు మధ్యాహ్నం ఆఖరి కవరు పొడిగా చేతికొచ్చింది. గంజి లేక కొంచెం మెత్తగా ఉంది, కానీ దానిమ్మకాయలు చక్కగా నిలిచాయి.

మిర్యాము గారు కొత్త డిక్లరేషన్ అడిగారు. గంజి గడిలో "లేదు" అని రాశాను. సంతకం దగ్గర నా పేరు పక్కన ఇంకో గీత గీసి, కాగితం రామలక్ష్మి ముందు పెట్టాను. యజమాని గోడ గడియారం వైపు చూస్తున్నారు, గేటు దగ్గర లారీ హారన్ కొడుతోంది. ఆవిడ కదల్లేదు. ప్రతి మాటా తెలుగులో చెప్పించుకుంది. "దారం మిల్లులో ఏమన్నా పూశారేమో, అది మనకెలా తెలుస్తుందండీ?" అని అడిగింది. అల్లని కొత్త దారం పోగు మీద కూడా అయోడిన్ చుక్క వేసి చూపించాకే కలం తీసుకుంది. నేను అర నిమిషంలో పెట్టిన సంతకానికి ఆవిడ ముప్పావుగంట తీసుకుంది.

ఆ సరుకు వేళకే చేరింది. ఆ తర్వాత నేనున్న రెండేళ్లూ, పని చేసిన మనిషి సంతకం ముందు పడకుండా ఏ డిక్లరేషన్ మీదా నా సంతకం పెట్టలేదు. తెలియనిది అడిగి తెలుసుకుంటాం. బాగా తెలుసనుకున్నదే అడగం. అందుకే షెడ్డు దాకా నడవాలి.