అరచేతి కంప్యూటరుకు ఎండ వైద్యం

ఆ రోజుల్లో వస్తువు నీరసించిందని పారేయడమన్న మాటే మా ఇంట్లో లేదు. రేడియో గొంతు సన్నబడితే నాన్నగారు అందులోని సెల్లులు తీసి మేడమీద పిట్టగోడపైన ఎండబెట్టేవారు. సాయంత్రానికి అవి బుద్ధిగా లేచి కూర్చుని ప్రాంతీయ వార్తలు చదివేవి. ఆ విద్య నాకూ పట్టుబడింది. అదే నా కొంప ముంచింది.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ గుమస్తాగారి అమ్మాయిని. "హాయిగా టీచరు ట్రైనింగ్ చెయ్యవే" అని ఇంట్లో పోరుతున్నా వినకుండా టీబీ రోగుల సర్వేలో తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. శంషాబాద్ నుంచి కాటేదాన్ దాకా ఇల్లిల్లూ తిరిగి, మందులు సరిగ్గా వేసుకుంటున్నారా లేదా అని అడగాలి. రాసుకోవడానికి కాగితాలు కాదండోయ్, అరచేతిలో ఇమిడే కంప్యూటరిచ్చారు! తెరమీద ప్లాస్టిక్ పుల్లతో పొడిస్తే 'అవును' అనో 'కాదు' అనో పడుతుంది. సోమవారం ఆఫీసులో పెద్ద కంప్యూటరుకు తగిలించి అన్నీ అందులోకి ఎక్కిస్తారు. శిక్షణలో మా పెద్దసారు బోలెడు జాగ్రత్తలు చెప్పారు. (నేనేమో ఆ పుల్లతో నా పేరు రాసుకుని మురిసిపోతున్నాను.) ఒక్క ముక్క మాత్రం చెవిన పడింది: "వివరాలు పోగొట్టినవాళ్ళు మళ్ళీ ఆఫీసు గడప తొక్కక్కర్లేదు."

ఒక శుక్రవారం మధ్యాహ్నానికి ముప్ఫై ఒక్కమందిని పూర్తి చేసి, నాతో తిరిగే సర్కారు దవాఖాన నర్సక్క ఇంటి అరుగుమీద అన్నం తింటున్నాను. కంప్యూటరు తెర మసకబడి, సెల్లులు అయిపోతున్నాయని మొత్తుకోవడం మొదలుపెట్టింది. కిరాణా కొట్టుకు పరుగెత్తితే టార్చిలైటు లావు సెల్లులే తప్ప అంత సన్నవి లేవన్నాడు. "ఇగ ఏం జేస్తవ్ మేడం?" అంది నర్సక్క. "నువ్వుండక్కా, నాకు తెలుసుగా!" అని రెండు సెల్లులూ ఊడబెరికి గోడమీద ఎండలో పెట్టాను. "మేం రేడియోకు గూడ గట్లనే జేస్తం" అని ఆవిడ మెచ్చుకునేసరికి నాకు కొమ్ములొచ్చాయి. అరగంట సేపు కాకులు ఎత్తుకుపోకుండా కాపలా కూడా కాశాను.

సెల్లులు మళ్ళీ పెట్టగానే తెర వెలిగింది. వెలిగి, జన్మలో నన్నెప్పుడూ చూడనట్టు స్వాగతం పలికి, ఇవాళ తారీఖెంత అని అడిగింది. ఎక్కడ పొడిచినా ఖాళీ. ముప్ఫై ఒక్కమందీ లేరు. శిక్షణలో వినని మాట సరిగ్గా అప్పుడు ఖణేల్మని వినిపించింది: "పాత సెల్లులు తీస్తే నిమిషంలో కొత్తవి పెట్టాలి. లేకపోతే లోపలున్నదంతా చెరిగిపోతుంది."

నేను అరుగుమీదే బావురుమన్నాను. టీచరు ట్రైనింగు కళ్ళముందు ఆడింది. నర్సక్క నా రెక్క పట్టుకుని, "గిట్ల ఏడుస్తే ఎట్ల మేడం? ఇండ్లు ఏడికి పోలే, మనుషులు ఏడికి పోలే. లెవ్వు జర!" అని తన రిజిస్టరు, ఒక రూళ్ళ నోటుపుస్తకం తీసుకుని ముందు నడిచింది. ఉన్నది రెండున్నర రోజులు. ఎండలో, బస్సుల్లో నిలబడి, మిల్లులోంచి మనుషుల్ని బయటికి పిలిపించి, మళ్ళీ మొదటినుంచీ అడగడం మొదలుపెట్టాను. ఆదివారం మధ్యాహ్నానికి ఇంకా ఆరుగురు మిగిలే ఉన్నారు. కాళ్ళు బొబ్బలెక్కాయి.

కాటేదాన్‌లో రేకుల గదిలో ఉండే చాచా దగ్గరికి వెళ్ళేసరికి పొద్దు వాలింది. ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి, దగ్గి దగ్గి సగమైపోయాడు. "రోజూ మింగుతున్న" అని బుధవారమే చెప్పాడు. "చాచా, అంతా పోయింది, మళ్ళీ చెప్పవా" అని అడుగుతూనే ఏడ్చేశాను. ఆయన కంగారుపడి మంచినీళ్ళిచ్చి, కంప్యూటరు లేని నా చేతులవంక చూసి గొంతు తగ్గించాడు.

"పరేషాన్ గాకు బేటీ. నిజం జెప్త. పది రోజులాయె గోలీలు బంద్ జేసి. ఒంటికి పోతే ఎర్రగ వస్తుండె. నెత్తురేమో అని భయమైంది."

"అది ఆ గోలీల రంగు చాచా! ఏం కాదు. మరి బుధవారం ఎందుకు చెప్పలేదు?"

"గా డబ్బల పొడుస్తుంటివి గద. గది సీదా సర్కారుకు పోతదనుకున్న."

నర్సక్క అక్కడే నిలబడి, మర్నాడే దవాఖానలో డాక్టరుకు చూపించుకుంటానని ఆయనచేత ఒట్టు వేయించుకుంది. మిగతావాళ్ళను రాత్రికల్లా ముగించాం. పుస్తకం తిరగేస్తే, కంప్యూటరుకు 'అవును' చెప్పినట్టు నాకు గుర్తున్నవాళ్ళలో ఇంకా నలుగురు నాకు 'కాదు' చెప్పారు.

సోమవారం పెద్దసారు ఖాళీ కంప్యూటరునూ, చెమటకు తడిసిన నోటుపుస్తకాన్నీ మార్చి మార్చి చూశారు. "సెల్లులు అయిపోయాయి సార్" అన్నాను. (అబద్ధం కాదు కదా?) "దానిమీద అవునన్నవాళ్ళే చేతిలో అది లేకుండా అడిగితే కాదన్నారు" అని గొణిగాను. ఆయన పేజీలు తిప్పుతున్నంతసేపూ నేను గడప వంకే చూస్తున్నాను, అదే ఆఖరిసారి అన్నట్టు. చివరికి తలెత్తి, "రెండోసారి వెళ్ళి అడిగావా?" అన్నారు. తలూపాను. అందర్నీ పిలిచి, "చూడండి, బాధ్యత అంటే ఇదీ!" అన్నారు. నిజం చెబుదామని నోరు తెరిచాను, దేవుడి మీదొట్టు. కానీ ఉద్యోగం పొడిగిస్తున్నామన్న మాట వినబడగానే అది దానంతటదే మూసుకుంది. (సారు రిటైరయ్యారు కనుక ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.)

చాచా మందులు పూర్తి చేసిన రోజు దవాఖాన మెట్లమీద కనబడ్డాడు. బుగ్గలొచ్చాయి. "నువ్వు ఏడ్చుకుంట రాకపోతే నేను జెప్పకపోదును బేటీ" అని నవ్వాడు. ఆ తర్వాత ఉద్యోగంలో ఎన్నో పనులు జాగ్రత్తగా, తెలివిగా చేశాను, శభాష్ అనిపించుకున్నాను. ఆ తెలివితక్కువ పిల్ల ఏడుస్తూ చేసినంత మంచిపని మాత్రం నా చేతులమీదుగా మళ్ళీ జరగలేదు.